పాత కంప్యూటరుకు బరువు దించుదాం



మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాక ఏ మండల కేంద్రంలోనైనా ఒక డీటీపీ సెంటరుకు వెళ్ళి కాసేపు కూర్చోండి. బల్ల మీద శుభలేఖల శాంపిళ్ళ ఆల్బమ్, గోడవారగా జిరాక్సు మిషను, మూలన ఒక కంప్యూటరు. దానికి పది పన్నెండేళ్ళ వయసు ఉంటుంది. ఆపరేటరు పొద్దున్నే వచ్చి షట్టరు ఎత్తి, దేవుడి పటం దగ్గర అగరొత్తి వెలిగించి, సీపీయూ బటన్ నొక్కి టీ తాగడానికి వెళ్తాడు. తిరిగి వచ్చేసరికి కూడా తెర మీద ‘వెల్‌కమ్’ అన్న మాట పక్కన ఆ చిన్న చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఈలోగా పెళ్ళివారు వచ్చి కూర్చుంటారు. శుభలేఖలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము తెరుచుకోవడానికి మరికొంత సేపు. ఫోటో పెడితే ఇంకాస్త సేపు. సాయంత్రం అయ్యేసరికి రెండు కార్డులు చేయగలిగే సమయం ఆ చక్రాన్ని చూడటానికే పోతుంది.

ఇరవై ఏళ్ళుగా ఇలాంటి యంత్రాలను బాగుచేస్తూ, వాటి మీద పని నేర్పుతూ వస్తున్నాను. ‘ఇది ఇక పనికిరాదు, కొత్తది కొనాల్సిందే’ అని నా దగ్గరకు తెచ్చిన వాటిలో చాలా వాటికి రోగం లేదు, మోయలేనంత బరువు ఉంది. ఆ బరువు ఎలా దించాలో ఈ రోజు చెప్తాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుంటే మంచిది.

నేను చెప్పేది ప్రధానంగా విండోస్ 7 వాడుతున్నవారికి. ఇది 2009 అక్టోబర్ 22న విడుదలైంది. దానికంటే ముందు 2001లో వచ్చిన ఎక్స్‌పీ కూడా ఇంకా కొన్ని చోట్ల నడుస్తోంది, దాని మాటా మధ్యలో వస్తుంది. కొత్తది కొనుక్కోవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. కానీ మన తెలుగు ముద్రణ పని సంగతి వేరు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత దానికి ఇంకో కొత్త వెర్షన్ రాలేదు. అయినా మన ఊళ్ళలో శుభలేఖలు, కరపత్రాలు, దేవస్థానం రసీదు పుస్తకాలు చాలావరకు దాంట్లోనే, అను ఫాంట్లతోనే తయారవుతున్నాయి. పాత స్కానరు, పాత లేజర్ ప్రింటరు ఉంటాయి. వాటికి 32 బిట్ విండోస్ డ్రైవరు మాత్రమే దొరుకుతుంది. 64 బిట్ విండోస్ ఆ డ్రైవరును ఒప్పుకోదు. కాబట్టి కంప్యూటరు మారిస్తే దాంతోపాటు సగం షాపును మార్చాలి. ఆ ఖర్చు ఎంతో ఆ షాపు నడిపేవాళ్ళకే తెలుసు.

పల్నాడులో ఒక చిన్న ఊళ్ళో డీటీపీ సెంటరు నడుపుతున్న ఒక చెల్లెమ్మ ఒకసారి నన్ను పిలిచింది. “అన్నయ్యా, మూడుసార్లు ఫార్మాట్ కొట్టించాను. పదిహేను రోజులు బాగుంటుంది, మళ్ళీ మొదటికే వస్తుంది,” అంది. ఆమె చెప్పిన ఆ ఒక్క మాటలోనే జవాబు ఉంది. ఫార్మాట్ చేసిన వెంటనే బాగుంటోందంటే యంత్రం మంచిదే. పదిహేను రోజుల్లో దాని మీద మనం ఏం ఎక్కిస్తున్నామో చూడాలి.

వైద్యుడు మందు రాసే ముందు నాడి చూస్తాడు. కంప్యూటరుకూ నాడి ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ ఈ మూడు మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ అనే కిటికీ తెరుచుకుంటుంది. కింది అంచున కనిపించే అంకెల్లో రెండు చూడాలి. ఒకటి సీపీయూ వాడకం, రెండోది ఫిజికల్ మెమరీ, అంటే ర్యామ్ వాడకం. ఏ పనీ చేయకుండా ఐదు నిమిషాలు వదిలేసి ఆ అంకెలు చూడండి. సీపీయూ ఐదు, పది శాతం దగ్గర ఉండాలి. ఏ పనీ లేకుండానే యాభై, అరవై శాతం చూపిస్తే లోపల మీకు తెలియని పని ఏదో నడుస్తోంది. ర్యామ్ ఎనభై అయిదు, తొంభై శాతం దాటితే అసలు చిక్కు అక్కడే. ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత సరుకును తీసుకెళ్ళి హార్డ్‌డిస్క్ మీద పెట్టి, కావాల్సినప్పుడు మళ్ళీ తెచ్చుకుంటుంది. బల్ల చిన్నదై కాగితాలు పట్టక, ప్రతి కాగితానికీ పక్క గదిలో బీరువా దాకా నడిచినట్టు ఉంటుంది ఆ పని. సీపీయూ డబ్బా మీద చిన్న ఎర్ర దీపం ఆగకుండా వెలుగుతూ, లోపల గరగరమని చప్పుడు వస్తుంటే మీ కంప్యూటరు ఆ బీరువా దగ్గరికి తిరుగుతోందని అర్థం.

ఆ చెల్లెమ్మ కంప్యూటరులో ఉన్న ర్యామ్ 2 జీబీ. ఇంకా ఏ ప్రోగ్రామూ తెరవకముందే అందులో తొంభై శాతం నిండిపోయింది. ఎందుకో చూశాం. రెండు యాంటీవైరస్‌లు ఉన్నాయి. ఒకటి ఫార్మాట్ చేసిన అబ్బాయి వేసింది, ఇంకోటి ఆ తర్వాత ఎక్కింది. ఈ రెండూ ప్రతి ఫైలునూ ఒకదాని తర్వాత ఒకటి తనిఖీ చేస్తాయి. పైగా ఒకదాన్నొకటి అనుమానిస్తాయి. ఒక ఇంటికి ఇద్దరు కాపలాదార్లను పెట్టి, ఒకరి మీద ఒకరికి నిఘా అప్పగించినట్టు. ఒకదాన్ని పూర్తిగా తీసేశాం. కంట్రోల్ ప్యానెల్‌లో ‘ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్’లోకి వెళ్ళి అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. ఫోల్డరును చేత్తో చెరిపేస్తే అది పోదు.

తర్వాత విండోస్ మీట పట్టుకుని ఆర్ నొక్కండి. ఒక చిన్న పెట్టె వస్తుంది. అందులో ఎంఎస్‌కాన్ఫిగ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ‘స్టార్టప్’ అనే ట్యాబ్ తెరవండి. కంప్యూటరుతో పాటే నిద్ర లేచే ప్రోగ్రాముల జాబితా అది. ప్రింటరు కంపెనీవాళ్ళ ప్రకటన, పాటల ప్లేయరు, ఎప్పుడో ఒకసారి వాడిన వీడియో కాల్ ప్రోగ్రాము, నాలుగైదు అప్‌డేటర్లు అక్కడ బారులు తీరి ఉంటాయి. మీకు పేరు తెలిసి, పొద్దున్నే అవసరం లేదని ఖాయంగా చెప్పగలిగిన వాటికి టిక్కు తీసేయండి. పేరు తెలియని దాన్ని అలాగే ఉంచండి. యాంటీవైరస్ జోలికి పోవద్దు. అను ఫాంట్లలో టైపు చేయడానికి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ ఆ జాబితాలో ఉంటే దాన్నీ కదపొద్దు. టిక్కు తీసినంత మాత్రాన ప్రోగ్రాము చెరిగిపోదు, మీరు పిలిచినప్పుడే లేస్తుంది, అంతే. పక్కనే ‘సర్వీసెస్’ ట్యాబ్ ఉంటుంది. అక్కడ ‘హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్’ అన్నదానికి టిక్కు పెట్టకుండా దేన్నీ ముట్టుకోవద్దు. కొత్తవారైతే ఆ ట్యాబ్‌ను వదిలేయడమే నయం.

ఇప్పుడు తెలుగు డీటీపీ కంప్యూటర్లకు ప్రత్యేకమైన బరువు గురించి. ఫాంట్లు. ఎవరు ఏ సీడీ ఇచ్చినా, ఏ పెన్‌డ్రైవ్ తెచ్చినా అందులో ఉన్న ఫాంట్లన్నీ ఒకేసారి ఎంపిక చేసి ఫాంట్స్ ఫోల్డరులో పడేయడం మనకు అలవాటు. ఆ చెల్లెమ్మ కంప్యూటరులో పద్నాలుగు వందలకు పైగా ఫాంట్లు ఉన్నాయి. రోజూ వాడేవి ఎన్ని అని అడిగితే ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టి పాతిక లోపే చెప్పింది. పేజ్‌మేకర్ లాంటి ప్రోగ్రాము తెరిచినప్పుడు ఫాంట్ల జాబితా మొత్తం తయారు చేసుకుంటుంది. ఫాంట్ మెనూ కిందికి లాగిన ప్రతిసారీ ఆ భారమంతా మోయాలి. మనిషికి కూడా ఇబ్బందే, కావాల్సిన అక్షరం కోసం మెనూలో ఎంత దూరం దిగాలో ఆలోచించండి.

దీనికి చేయాల్సింది ఇదీ. డి డ్రైవ్‌లో ‘ఫాంట్ల గోడౌన్’ అని ఒక ఫోల్డరు తెరవండి. విండోస్ ఫాంట్స్ ఫోల్డరులో ఉన్నవన్నీ ముందు అక్కడికి కాపీ చేయండి. కాపీ సరిగా పడిందో లేదో చూసుకున్నాకే, వాడని అలంకారపు ఫాంట్లను ఫాంట్స్ ఫోల్డరులోంచి తీసేయండి. ఏడాదికోసారి అవసరమైనది ఉంటే గోడౌన్‌లోంచి తెచ్చి వేసుకోవచ్చు. ఒక జాగ్రత్త. ఏరియల్, టైమ్స్, టహోమా, సెగో లాంటివి విండోస్ తన పనికి వాడుకునేవి. తెలుగుకు గౌతమి, వాణి ఉంటాయి. గౌతమి ఎక్స్‌పీ కాలం నుంచి ఉంది, వాణి విండోస్ 7తో వచ్చింది. యూనికోడ్ తెలుగు తెర మీద కనబడేది వీటి వల్లే. వాటిని తీయకండి. ఇంకొక సంగతి, విండోస్ 7లో ఫాంటును ‘హైడ్’ చేసే వీలుంది. అది కనబడకుండా చేయడం మాత్రమే, తీసేయడం కాదు. ఆ రోజు ఫాంట్లు మూడు వందలకు తగ్గించి, పేజ్‌మేకర్ తెరిచాం. అంతకుముందు తెరుచుకునేలోపు బయట రోడ్డు మీద రెండు బస్సులు వెళ్ళేవని ఆమె చెప్పింది. ఇప్పుడు ఆమె కుర్చీ సర్దుకునేలోపు తెరుచుకుంది.

ఇక తెర అలంకారం. విండోస్ 7కు ‘ఏరో’ అనే గాజు తళుకు ఉంది. కిటికీల అంచుల్లోంచి వెనకది కనిపిస్తుంది, మెనూ మెల్లగా తేలి వస్తుంది. కొత్త యంత్రానికి అది అందమే, పాతదానికి భారం. డెస్క్‌టాప్ మీద కంప్యూటర్ గుర్తు మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, ఎడమవైపు ‘అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్’, అందులో పెర్ఫార్మెన్స్ కింద ఉన్న సెట్టింగ్స్ బటన్. అక్కడ ‘అడ్జస్ట్ ఫర్ బెస్ట్ పెర్ఫార్మెన్స్’ నొక్కితే అన్ని టిక్కులూ పోతాయి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. మీరు రెండు టిక్కులు వెనక్కి పెట్టండి. మొదటిది ‘స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్’. ఇంగ్లీషు అక్షరానికి ఇది లేకపోయినా గడుస్తుంది. మన అక్షరానికి అలా కుదరదు. దీర్ఘం, ఒత్తు, గుడి, సుడి అన్నీ కాస్త చోట్లో ఇరుకుగా పడతాయి. అంచులు నునుపు లేకపోతే ‘థ’కూ ‘ధ’కూ తేడా తెలియక ప్రూఫ్‌లో తప్పు దాటిపోతుంది. పెళ్ళికూతురి పేరులో ఒత్తు తప్పితే ఆ కార్డులన్నీ మళ్ళీ వేయాలి. రెండోది ‘షో థంబ్‌నెయిల్స్’. ఫోల్డరులో ఫోటోలు బొమ్మలుగా కనిపించాలంటే అది ఉండాలి. మిగతావి లేకపోయినా ఏ నష్టమూ లేదు. డెస్క్‌టాప్ మీద గడియారం, వాతావరణం చూపే గాడ్జెట్లు ఉంటే అవి కూడా తీసేయండి. వాటిలో భద్రతా లోపాలు ఉన్నాయని మైక్రోసాఫ్టే 2012లో హెచ్చరించి, మూసేయమని చెప్పింది.

వేగంతో పాటు సౌకర్యం కూడా చూసుకోవాలి. రోజూ వాడే నాలుగు ప్రోగ్రాములను కింద టాస్క్‌బార్‌కు పిన్ చేయండి. ఆ తర్వాత విండోస్ మీట పట్టుకుని 1 నొక్కితే మొదటిది, 2 నొక్కితే రెండోది తెరుచుకుంటాయి. రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టి మ్యాటరు సరిచూడాలంటే విండోస్ మీటతో ఎడమ బాణం, రెండోదానికి కుడి బాణం. ప్రూఫ్ చూసేవాళ్ళకు ఇది ఎంత సుఖమో చేసి చూడండి. కళ్ళజోడు పెట్టుకున్న పెద్దవారు వాడుతుంటే కంట్రోల్ ప్యానెల్‌లో డిస్‌ప్లేలోకి వెళ్ళి అక్షరాలను 125 శాతానికి పెంచండి, మౌస్ బాణాన్ని కూడా పెద్దది చేయండి. యూనికోడ్‌లో తెలుగు రాయాలంటే ‘రీజియన్ అండ్ లాంగ్వేజ్’లో కీబోర్డుల జాబితాకు తెలుగును చేర్చండి. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారుతుంది. ఎక్స్‌పీలో తెలుగు డబ్బాలుగా కనబడుతుంటే అది పాడైనట్టు కాదు. రీజనల్ సెట్టింగ్స్‌లో ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’ ఫైళ్ళకు టిక్కు పెట్టాలి. అప్పుడది ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది.

మెనూలు నెమ్మదిగా వస్తున్నాయనిపిస్తే అది కూడా మార్చొచ్చు. విండోస్ ఒక్కో ఉపమెనూ చూపించే ముందు 400 మిల్లీసెకన్లు ఆగుతుంది. విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో హెచ్‌కీ కరెంట్ యూజర్, కంట్రోల్ ప్యానెల్, డెస్క్‌టాప్ అనే వరుసలో ‘మెనూషోడిలే’ అనే విలువ ఉంటుంది. దాన్ని 150కి తగ్గించి, ఒకసారి లాగాఫ్ అయి రండి. సున్నా పెట్టకండి, మౌస్ కదిలిన చోటల్లా మెనూలు మీద పడతాయి. రిజిస్ట్రీ ముట్టుకునే ముందు సిస్టమ్ రిస్టోర్ పాయింట్ పెట్టడం మరవొద్దు. అలవాటు లేనివారు ఈ ఒక్క చిట్కాను వదిలేసినా పెద్దగా పోయేది లేదు.

హార్డ్‌డిస్క్ సంగతికి వద్దాం. సీ డ్రైవ్ ఎర్రబడిందంటే విండోస్‌కు ఊపిరాడటం లేదని గుర్తు. కనీసం పదిహేను శాతం ఖాళీ ఉంచండి. మన డీటీపీ సెంటర్లలో చేసే ప్రతి జాబూ డెస్క్‌టాప్ మీదే సేవ్ అవుతుంది. డెస్క్‌టాప్ అంటే బల్ల పైభాగం అనుకుంటాం. నిజానికి అది సీ డ్రైవ్‌లో ఒక ఫోల్డరు. దాని మీద మూడు వందల ఫైళ్ళు ఉంటే విండోస్ లేచిన ప్రతిసారీ మూడు వందల బొమ్మలు గీయాలి. పైగా ఫార్మాట్ కొట్టిన రోజు అవన్నీ పోతాయి. డి డ్రైవ్‌లో నెలకో ఫోల్డరు పెట్టి అందులోకి మార్చండి. ఆ తర్వాత విండోస్ మీట, ఆర్ నొక్కి, పర్సెంట్ గుర్తు, టెంప్, మళ్ళీ పర్సెంట్ గుర్తు కొట్టండి. వచ్చే చెత్తంతా చెరిపేయవచ్చు. వాడుకలో ఉన్న ఫైళ్ళను విండోస్ తనే చెరపనివ్వదు. కంప్యూటరును హైబర్నేట్ చేసే అలవాటు లేకపోతే, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, అడ్డగీత, హెచ్, ఖాళీ, ఆఫ్ అని కొట్టండి. విండోస్ 7 ఆ పని కోసం ర్యామ్‌లో ముప్పావు వంతు అంత చోటును డిస్క్ మీద పట్టి ఉంచుతుంది. 4 జీబీ ర్యామ్ ఉంటే 3 జీబీ చోటు తిరిగి వస్తుంది.

ఎక్స్‌పీ యంత్రాలలో ఒక వింత జబ్బు ఉంది. నన్ను వారం రోజులు తిప్పలు పెట్టింది కాబట్టి చెప్తాను. ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పాత కంప్యూటరు. వైరస్ లేదు, ర్యామ్ ఖాళీగానే ఉంది, డిస్క్‌లో చోటు ఉంది. కానీ ఒక ఫైలు కాపీ చేస్తుంటే మౌస్ బాణం తడబడుతూ కదిలేది, పాట పెడితే తెగి తెగి వినిపించేది. చివరికి డివైస్ మేనేజర్‌లో ‘ప్రైమరీ ఐడీఈ ఛానెల్’ తెరిచి చూస్తే దొరికింది. డిస్క్ నుంచి సమాచారం తెచ్చేటప్పుడు ఆరుసార్లు తప్పు దొర్లితే ఎక్స్‌పీ ఒక మెట్టు వేగం తగ్గించుకుంటుంది. అలా దిగి దిగి చివరికి పీఐఓ అనే పద్ధతికి చేరుతుంది. ఆ పద్ధతిలో ప్రతి ముక్కనూ ప్రాసెసరే స్వయంగా మోయాలి. ఒకసారి దిగాక తనంత తాను పైకి రాదు. ఆ ఛానెల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటరు మళ్ళీ ఆన్ చేస్తే విండోస్ కొత్తగా గుర్తించి పూర్తి వేగానికి వచ్చింది. తప్పులు దొర్లడానికి కారణం నలిగిపోయిన డిస్క్ కేబుల్. దాన్ని మార్చాం. ఆ తర్వాత ఆ యంత్రం ఇంకో నాలుగేళ్ళు ట్రేసింగులు తీసింది.

చేయకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే వీటి పేరుతో చాలా యంత్రాలు పాడవుతున్నాయి. ‘ర్యామ్ క్లీనర్’, ‘రిజిస్ట్రీ క్లీనర్’ అని వచ్చే ప్రోగ్రాములేవీ వేయించకండి. ర్యామ్ క్లీనర్ చేసేది ర్యామ్‌లోని సరుకును బలవంతంగా డిస్క్ మీదికి తోయడం. మరుక్షణం విండోస్ దాన్నే మళ్ళీ తెచ్చుకోవాలి. రిజిస్ట్రీలో పనికిరాని పద్దులు వెయ్యి ఉన్నా వేగంలో తేడా తెలియదు, పొరపాటున పనికొచ్చే పద్దు ఒక్కటి పోతే ప్రోగ్రాము తెరుచుకోదు. ప్రిఫెచ్ ఫోల్డరును ఖాళీ చేయమని కొందరు చెప్తారు. ఏ ప్రోగ్రాముకు ఏ ఫైళ్ళు ముందుగా కావాలో విండోస్ రాసుకున్న చిట్టా అది. చెరిపేస్తే మరుసటి సారి ఇంకా ఆలస్యం. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ప్రాసెసర్ల సంఖ్య పెడితే వేగం పెరుగుతుందన్నది కూడా నిజం కాదు. విండోస్ ఉన్నవన్నీ మామూలుగానే వాడుకుంటుంది, ఆ పెట్టె ఉన్నది తగ్గించి పరీక్షించడానికి.

కొంచెం డబ్బు పెట్టగలిగితే రెండు వస్తువులు. మొదటిది ర్యామ్. మీది డీడీఆర్ 2 రకమా, 3 రకమా చూసుకుని అదే రకం తీసుకోవాలి, ఒకదాని గాడిలో ఇంకోటి దిగదు. పాత రకాలు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటరు లాంటి చోట్ల వెతకవచ్చు. 32 బిట్ విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు, అందులోనూ మూడు, మూడున్నర మాత్రమే చేతికి వస్తుంది. కాబట్టి 8 జీబీ కొని డబ్బు పారేసుకోవద్దు. రెండోది ఎస్ఎస్‌డీ. పాత హార్డ్‌డిస్క్‌లో పళ్ళెం తిరుగుతూ, దాని మీద సూది లాంటి తల ఒకచోట నుంచి ఇంకోచోటికి కదలాలి. ఎస్ఎస్‌డీలో కదిలేది ఏదీ లేదు. పాత యంత్రానికి ఇంతకంటే మేలైన ఖర్చు ఇంకొకటి లేదని నా అనుభవం. విండోస్ 7కు దాన్ని శుభ్రంగా వాడుకునే ట్రిమ్ అనే సదుపాయం ఉంది, ఎక్స్‌పీకి లేదు. ఎస్ఎస్‌డీ వేశాక, ముక్కలైన ఫైళ్ళను ఒకచోట చేర్చే డిఫ్రాగ్ షెడ్యూలు ఆపి ఉందో లేదో చూసుకోండి. తిరిగే పళ్ళేనికి డిఫ్రాగ్ మంచిదే, ఎస్ఎస్‌డీకి అనవసరపు అరుగుదల.

పైసా ఖర్చు లేని పని ఇంకోటి ఉంది. కరెంటు ప్లగ్గు తీసేసి, సీపీయూ డబ్బా తెరిచి చూడండి. ప్రాసెసరు ఫ్యాను కింద దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంటుంది. వేడెక్కితే ప్రాసెసరు తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. రామగుండం ఎండల్లో, బెజవాడ ఉక్కపోతలో ఇది ఎంత జరుగుతుందో చెప్పనక్కర్లేదు. మెత్తటి బ్రష్‌తో, ఫ్యాను తిరగకుండా వేలు అడ్డుపెట్టి దులపండి. బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్లు ఉంటుంది, సీఆర్ 2032. కంప్యూటరు ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే ఆ సెల్లు అయిపోయినట్టే. తేదీ తప్పితే సురక్షితమైన వెబ్‌సైట్లేవీ తెరుచుకోవు. దాన్ని నెట్ సమస్య అనుకుని సర్వీసువాళ్ళ చుట్టూ తిరిగినవారిని చాలామందిని చూశాను.

ఇక భద్రత. ఇక్కడ మెత్తగా మాట్లాడలేను. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 కూడా ఆ వరుసలో చేరింది. అంటే లోపల కొత్తగా కన్నం బయటపడినా మామూలుగా పూడ్చేవాళ్ళు లేరు. 2017 మే నెలలో వచ్చిన వానాక్రై గుర్తుండే ఉంటుంది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. దాన్ని అడ్డుకునే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలైంది. వేసుకోనివాళ్ళు దెబ్బతిన్నారు. కాబట్టి పాత విండోస్ మీద బ్యాంకు పని చేయొద్దు, ఆధార్ కాగితాలు నిల్వ ఉంచొద్దు. క్రోమ్ బ్రౌజర్ కూడా విండోస్ 7కు 109వ వెర్షన్‌తో ఆగిపోయింది. ఆ యంత్రాన్ని పేజ్‌మేకర్‌కు, ప్రింటుకు మాత్రమే ఉంచి నెట్ వైరు తీసేస్తే సగం భయం పోతుంది, వేగం కూడా పెరుగుతుంది. పేజ్‌మేకర్ అవసరం లేని ఇంటి కంప్యూటరైతే లుబుంటు, లినక్స్ మింట్ లాంటివి వేయించుకోండి. ఖర్చు లేదు, తెలుగు బాగా కనిపిస్తుంది, తాజా అప్‌డేట్లు వస్తాయి. తెలుగులో లినక్స్ కోసం హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తోంది.

చివరిగా డీటీపీ చేసే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ఒక విన్నపం. అను ఫాంట్లలో కొట్టిన మ్యాటరు యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు ఆకారాలు పెట్టిన ఏర్పాటు అది. ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరిస్తే తెలుగు ఉండదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసి కనిపిస్తాయి. మీ దగ్గర ఊరి గుడి చరిత్ర ఉంటుంది, ఎవరో కవిగారి చిన్న పుస్తకం ఉంటుంది, బడి వార్షికోత్సవ సంచిక ఉంటుంది. మరో చోట వాటి ప్రతి ఉండకపోవచ్చు. ఈ రోజు షట్టరు దించే ముందు పేజ్‌మేకర్ ఫైళ్ళను, వాటితోపాటు ఆ ఫాంట్లను, ముఖ్యమైనవాటి పీడీఎఫ్‌లను ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఆ పెన్‌డ్రైవ్ షాపులో ఉంచకండి, ఇంటికి తీసుకెళ్ళండి. నేను చెప్పిన మిగతా పనులన్నీ రేపు పొద్దున మొదలుపెట్టవచ్చు.